కింది గదిలో చెమ్మ

"ఈ గోడ నా మాట వినేటట్టు లేదు చెల్లె" అన్నాడు గురవయ్య మేస్త్రి, గోడకు ఆనించిన అరచేతిని తీసి పంచెకు తుడుచుకుంటూ.

పది రోజుల కిందట వేసిన సున్నం అప్పుడే పొక్కులు పొక్కులుగా లేచింది. అడుగున జానెడెత్తు వరకు గోడ నల్లబడి చెమరుస్తోంది. ఇది మూడోసారి. మొదటిసారి పాత సున్నం గీకేసి కొత్తది మెత్తాడు. రెండోసారి గోడల మొదట్లో తారు పూశాడు. ఈసారి నేలంతా మూరెడు లోతు తవ్వి, బండెడు బొగ్గు బూడిద పోసి, దిమ్మిసతో కొట్టి, మీద గచ్చు చేశాడు. గోదావరి ఎనభై ఆరులో ముంచెత్తి పోయాక బూర్గంపాడులో ఇరవై ఇళ్లు ఆరబెట్టిన మనిషి ఆయన. ఆ పేరు విని అనంతమ్మ బస్సెక్కి వెళ్లి మరీ పిలుచుకొచ్చింది. అంతటివాడికి ఇల్లందు అవతల ఒక పాడు కొంపలో, నేలకింద పదడుగుల గది లొంగనంటోంది.

అసలు అది మనుషుల కోసం కట్టిన గది కాదు. ఎప్పుడో ఒక సారా గుత్తేదారు పీపాలు దాచుకోవడానికి తవ్వించుకున్నది. ఆయన పోయాక ఇంటిని అడిగినవాళ్లు లేరు. అలాంటి ఇంటిని అనంతమ్మ ఏరికోరి కిరాయికి తీసుకుంది. ఆమె భర్త మొండయ్య గనిలో పనిచేసేవాడు. ఆయన డ్యూటీ ఆగిపోయాక ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆఫీసులో కుండలకు నీళ్లు నింపే పని. గాలీ వెలుతురూ ఉన్న క్వార్టరు వదులుకుని ఈ బొందలోకి రావడమేమిటో మేస్త్రికి అంతుబట్టలేదు.

మొదటి రోజే అడిగాడు. మొండయ్య తడిలో ఉండలేడని, ఆయనకు పొడి తావు కావాలని, అందుకు కింది గదే ఆరాలని చెప్పింది. అంతకు మించి నోరు విప్పలేదు. బొగ్గు దుమ్ము మింగిన రొమ్ము, ఏ దవాఖానలోనో పడి ఉన్నాడు కాబోలు అనుకున్నాడు మేస్త్రి. ఏళ్ల తరబడి చీకట్లో పనిచేసిన వాళ్లకు ఎండ పొడ గిట్టదని ఎవరో అనగా విన్నాడు. దాంతో కింది గదే కావాలన్న పట్టుదల కూడా ఆయనకు వింతగా తోచలేదు.

మేస్త్రి పొద్దున్నే వచ్చేసరికి ఆమె ఊరిన నీటిని చెంబుతో బకెట్లోకి ఎత్తి, మెట్లెక్కి బయట పారబోసి వస్తూ ఉండేది. ఆఫీసు నుంచి రాగానే మళ్లీ అదే పని. వేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి. అయినా ఆగేది కాదు. ఒక్కతే ఎందుకు ఇంత చాకిరీ, ఎవరినైనా తోడు పిలుచుకోరాదా అంటే, పిలిచానని, ఒకరూ రాలేదని అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా చేతిలో చెంబు ఆగలేదు.

ఈ రోజు మేస్త్రి తెగించి వచ్చాడు. చేతగాని పనిని చేస్తానంటూ సాగదీసేకంటే సిగ్గు విడిచి చెప్పడమే మేలు.

"నా తోని కాదు చెల్లె. పై గదికి కిటికీ ఉంది, ఎండొస్తది. ఆయన్ని పైకి తెచ్చి పండబెట్టుకో."

"ఆయన పైకి రాలేడన్నా. పెద్ద పెద్దోళ్లు నెల దినాలు చూసిన్రు. ఇగ మాతోని కాదని చేతులెత్తిన్రు."

మేస్త్రి మెట్టు మీద కూలబడ్డాడు. డాక్టర్లు ఆశ వదిలేసిన మనిషన్నమాట. బతికినన్నాళ్లయినా పొడి నేల మీద ఉంచుకోవాలని ఈమె తపన. మూడు సార్లు పూసి మూడు సార్లూ ఓడిపోయిన తన చేతుల మీద ఆయనకే అసహ్యం వేసింది. నిజం దాచడం పాపమనిపించి, తనకు తెలిసింది చెప్పాడు. తప్పు గోడలది కాదు, సున్నానిదీ కాదు. ఇక్కడి గని మూతపడిందని, పంపులు ఎత్తుకుపోయారని బూడిద తోలిన బండివాడు నిన్ననే చెప్పాడు. తోడే దిక్కులేక గనిలో నిండిన నీరు భూమిలో పాకి పైకొస్తోంది. అది ఆగనిదే ఈ గది ఆరదు.

అనంతమ్మ బకెట్ కింద పెట్టింది. వచ్చినప్పటి నుంచి ఆమె ఖాళీ చేతులతో నిలబడగా మేస్త్రి చూడటం అదే మొదలు.

"గీ నీళ్లు, గనిల నీళ్లు ఒక్కటేనా?"

"ఒక్కటే."

"గట్లయితే ఈడ తోడితే ఆడ తగ్గుతయా?"

చెంబుతో చెరువు ఎండగొట్టినట్టే ఉంటుంది అనబోయాడు. ఆమె మొహం చూశాక మాట మార్చాడు. "తగ్గుతయి, జరంత" అన్నాడు. అలా అన్నందుకు ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆమె వెంటనే గచ్చు మీద కూర్చుని మళ్లీ తోడటం మొదలుపెట్టింది, ఇదివరకటికంటే జోరుగా. మేస్త్రి తాపీ, తట్ట సర్దుకున్నాడు. కూలి తీసుకోవడానికి మనసొప్పలేదు. బస్సుకు ఇంకా టైముంది, పోతూ పోతూ ఆ మొండయ్యను ఒకసారి చూసి, రెండు మాటలు పలకరించి పోతే బాగుండు అనిపించింది. ఏ దవాఖానలో ఉన్నాడని అడిగాడు.

అనంతమ్మ తలెత్తలేదు.

"దవాఖానల లేడన్నా, మూడేండ్ల సంది గీ నేల కిందనే, మునిగిన గనిల ఉన్నడు."