చెరువు గట్టున దేవదారు

తోట మూసే వేళయింది. ముప్పై ఏళ్లుగా అక్కడ తోటపని చేస్తున్న హెస్టర్, సందర్శకులు ఎవరైనా మిగిలిపోయారేమో చూద్దామని మసకచీకట్లో చెరువు వైపు నడిచింది. గట్టున పెద్ద మొద్దు ఒక్కటే ఉంది. మూడు వందల ఏళ్ల దేవదారు మార్చి గాలివానకు కూలిపోతే, ఆరు రోజులపాటు ఏడుస్తూ దాన్ని కోసింది హెస్టరే.

మొద్దు పక్కన నిలబడి నీళ్లలోకి చూసింది. అక్కడ తన ప్రతిబింబం వెనుక దేవదారు నిలబడి ఉంది, కొమ్మలన్నిటితో.

గిరుక్కున తిరిగి చూస్తే మొద్దే ఉంది. పైన ఖాళీ ఆకాశం. నీళ్లలో మాత్రం చెట్టు అలాగే ఉంది.

వాకీటాకీలో గేటు దగ్గరి డెరెక్ పలికాడు. "ఎక్కడున్నావ్ తల్లీ? నీ టీ కూడా నేనే తాగేయనా?"

"తాగెయ్," అంది హెస్టర్ గుసగుసగా. "కాసేపు నన్ను పిలవకు."

"ఎవరైనా ఉన్నారా అక్కడ?"

ఆమె వాకీటాకీ ఆపేసింది. ఇంతలో వాన మొదలై, చినుకులకు నీళ్లలోని చెట్టు చెదిరిపోయింది. చెరువూ గడ్డీ తడిసిపోతున్నాయి గానీ, ఆమె మీద ఒక్క చుక్క పడలేదు. తలపైన చాలా ఎత్తున, దట్టమైన ఆకుల మీద వాన కురుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

హెస్టర్ మెల్లగా టోపీ తీసి గుండెకు ఆనించుకుంది. తలెత్తితే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని, అలాగే నిలబడిపోయింది.