విడుదల కబురు

"లైన్లో ఒక పెద్దావిడ ఉంది ప్రూ. ఇంగ్లీషు అంతంత మాత్రం. మీ భాషే అనుకుంటా. బాసుతో తప్ప మాట్లాడనంటోంది" అని తలుపులోంచి తొంగిచూసి చెప్పింది నోలీన్.

జ్ఞానప్రసూన అనడానికి నోరు తిరగక ఆ ఆఫీసులో అందరూ ఆమెను ప్రూ అనే పిలుస్తారు. సిడ్నీలో జైళ్ళ శాఖ కొత్తగా పెట్టిన బాధితుల సహాయ విభాగానికి ఆమె అధిపతి. విభాగమంటే పెద్దదేమీ కాదు. పాత యూనిఫారాలు దాచే కొట్టు పక్కన రెండు గదులు, రెండు ఫోన్లు, నోలీన్.

అదైనా ఊరికే రాలేదు. కొట్టినవాడికి జైల్లో తిండి, గుడ్డ, డాక్టరు అన్నీ ఉన్నాయి, దెబ్బలు తిన్నవాళ్ళకి ఎవరున్నారని ఆమె ప్రతి మీటింగులోనూ అడిగేది. చివరికి పైవాళ్ళు విసిగిపోయి, "అయితే నువ్వే చూసుకో" అన్నారు. చూసుకుంది. ఆ ఏడాది, అంటే 1991లో, పట్టుబట్టి ఒక పద్ధతి పెట్టించింది. ఖైదీ బయటికొచ్చే ముందు బాధితులకు ఫోన్ చేసి చెప్పాలి. వాళ్ళకు అతను ఏ బజార్లోనో హఠాత్తుగా ఎదురుపడకూడదు.

ఆ రోజు చేయవలసిన ఫోన్లన్నీ గబగబా చేసేసింది. ఒక్కటి మాత్రం పొద్దుటి నుంచీ వాయిదా పడుతోంది. రిసీవరు ఎత్తడం, మళ్ళీ పెట్టేయడం.

ఇప్పుడు ఫోన్ అందుకుని, గొంతు వినగానే నిటారుగా కూర్చుంది. పొద్దుటి నుంచీ చేయలేకపోతున్న ఆ ఫోను ఈ మనిషికే.

"మేడమ్ గారూ, బాధితుల ఆఫీసేనాండీ? ఆయ్, నేను బాధితురాలినండి."

"అమ్మా, మీరు..."

"ఆగండాగండి. అందరికీ ఎలా చేస్తారో నాకూ అలాగే చెయ్యండి. ముందు పేరు అడగండి."

జ్ఞానప్రసూనకు నవ్వొచ్చింది. "మీ పేరేంటమ్మా?"

"అమృతమండి. మాది నర్సాపురం. ఇప్పుడుండేది బ్లాక్‌టౌన్. మార్చిలో స్టేషను మెట్ల మీద ఒక కుర్రోడు నా సంచి లాక్కుని తోసేశాడండి. చెయ్యి విరిగింది. వాణ్ణి వదిలేస్తారంట గదా? ఇంట్లో అడిగితే మాట మార్చేస్తున్నారు. అందుకని మీకు చేశానండి."

"అవునమ్మా. సోమవారం విడుదలవుతున్నాడు."

"అమ్మయ్య! ఒకరైనా చెప్పారు."

"భయంగా ఉందా అమ్మా?"

"నాకేం భయమండీ? చెయ్యి అతుక్కుంది."

"మీ ఇల్లెక్కడో అతనికి తెలుసా?"

"ఎలా తెలుస్తుందండీ? సంచిలో ఉన్నవి కళ్ళజోడూ, బైబిలూ. అదీ తెలుగు బైబిలు. ఏం చేసుకున్నాడో పాపం."

"పోనీ, ఇంటి తాళాలు మార్పించమంటారా?"

"అయ్యో, నా బాధంతా ఆ తాళాలేనండీ! తలుపుకి ఇప్పటికే మూడున్నాయి. మా అమ్మాయి పెట్టించింది."

జ్ఞానప్రసూన చేతిలో పెన్ను కింద పెట్టింది.

"వాడు తోసిన రోజు నుంచీ అది నన్ను ఒంటరిగా గుమ్మం దాటనివ్వదండి. శనివారం స్ట్రాత్‌ఫీల్డ్‌లో మా తెలుగువాళ్ళ ప్రార్థన కూటం ఉంటది. ఇదివరకు రైల్లో పోయేదాన్ని. ఇంగ్లీషు రాకపోయినా దారి పొడుగునా ఎవరో ఒకరితో కబుర్లే. ఇప్పుడు కారులో దింపి, కూటం అయ్యేదాకా బయట కాపలా కూర్చుంటది. పెరట్లో బట్టలారేస్తున్నా కిటికీలోంచి చూస్తానే ఉంటదండి."

"మీ మీద ప్రేమ కదమ్మా."

"ప్రేమేనండి. కాదన్నానా? కానీ వాడికి ఎనిమిది నెలలేశారు. సోమవారం వాడొచ్చేస్తాడు. మరి నాకెన్నాళ్ళేశారండీ? నా విడుదలెప్పుడు?"

కిటికీ బయట జకరండా చెట్టు ఊదారంగు పూలతో విరగబూసి ఉంది. జ్ఞానప్రసూన దానివైపు చూస్తూ ఉండిపోయింది.

"ఉన్నారాండీ?"

"ఉన్నానమ్మా. ఈ మాట మీ అమ్మాయికే చెప్పొచ్చుగా?"

"చెప్పబోతే లేచి వెళ్ళిపోద్ది. భయమంతా దానిదేనండి. ఆ రోజు స్టేషనుకి పరిగెత్తుకొచ్చి నన్ను ఆ రక్తంలో చూసింది గదా, అప్పట్నుంచీ అంతే. నా చెయ్యి మానింది. అది మాత్రం ఇంకా ఆ మెట్ల మీదే ఉంది. మీరు చెప్పండి దానికి. మీరు చెబితే వింటది."

"ఎలా చెప్పనమ్మా?"

"నాకేం తెలుసండీ? మీరు ఊరందరికీ చెబుతారు గదా. కోప్పడకండేం. మంచి పిల్ల."

"సరేనమ్మా. ఇవాళే మాట్లాడతాను."

"మాటేనా?"

"మాటే."

ఫోన్ పెట్టేసేసరికి నోలీన్ టీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంటట?"

"కూతురితో ఇబ్బందట."

"కొడుతోందా?"

"లేదు. కాపలా కాస్తోంది."

"మరి అది మన పనేగా!" అని నవ్వింది నోలీన్.

జ్ఞానప్రసూన నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "ఈ కేసు కష్టం నోలీన్" అంటూ బ్యాగు అందుకుని, ఆ రోజు పెందలాడే ఇంటికి బయల్దేరింది.

శనివారం మధ్యాహ్నం అమృతం ఇస్త్రీ చీర కట్టుకుని, బ్లాక్‌టౌన్ స్టేషన్లో స్ట్రాత్‌ఫీల్డ్ వెళ్ళే రైలెక్కింది. ఒక్కతే. కిటికీ పక్కన కూర్చోవడమే తడవు, ఎదురుగా ఉన్న ముసలాయన్ని "హలో" అని పలకరించింది.

రైలు కదులుతుంటే దాని వెంట నాలుగడుగులు నడిచి, "దిగగానే ఫోన్ చెయ్యమ్మా!" అని అరిచింది ఆమె కూతురు జ్ఞానప్రసూన.