గాలి ఆగిన వేళ

"మామ్మా, ఈ ఒక్కసారికి నువ్వు చెయ్యి ప్రార్థన," అంది ప్రిస్కిల్లా.

జ్ఞానసుందరి తల అడ్డంగా ఊపింది.

"నాను సెయ్యను తల్లీ. అయ్యగారున్నారు కదా."

బయట గాలి యేసు గుడిని పట్టుకుని కుదుపుతోంది. తూర్పు కిటికీలకు అడ్డం పెట్టిన బల్లలు దడదడలాడుతున్నాయి. పొద్దున్న నుంచీ ఇదే వరస. ఊళ్లో గట్టి స్లాబు ఉన్నది ఆ గుడికే. ఆదివారాలు వచ్చేవాళ్లూ, ఎన్నడూ రానివాళ్లూ అందరూ అందులోనే తలదాచుకున్నారు. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి.

ప్రిస్కిల్లాది సాలూరు. లారీల హారన్ల మధ్య పెరిగిన పిల్ల. పాస్టరు కృపారావును చేసుకుని ఈ కొబ్బరితోటల ఊరికి వచ్చి ఏడాది కాలేదు. కృపారావుదీ ఆ వైపే. ఇద్దరికీ ఇదే మొదటి తుపాను.

జ్ఞానసుందరిది భావనపాడు. కొడుకు ప్రకాష్ తుపానులో పోయాక ఇక్కడ కూతురి పంచకు చేరింది. గుడి ఊడ్చేది ఆవిడే, చాపలు పరిచేది ఆవిడే. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ రొంటినే ఉంటుంది. పాటలు పాడుతుంది, వాక్యం వింటుంది. నోరు విప్పి దేవుణ్ణి ఇది కావాలని అడగ్గా మాత్రం ఈ ఊళ్లో ఎవరూ వినలేదు.

"ఒకప్పుడు ఆవిడ పెర్దన సేస్తే జొరాలు దిగిపోయేవంట," అని ఆడవాళ్లు ప్రిస్కిల్లాకి చెప్పారు. "తుపానప్పుడు సేసిన పెర్దన దేవుడు ఇన్లేదు. కొడుకు పోనాడు. అప్పట్నించీ అలిగీసింది."

ప్రిస్కిల్లా ఆవిడ పక్కన చతికిలబడింది.

"దేవుడు వినలేదని కోపమా మామ్మా?"

"కోపమేటి తల్లీ," అంది జ్ఞానసుందరి. తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

కృపారావు లేచి నిలబడ్డాడు. దోనెలో ప్రభువు నిద్రపోతుంటే శిష్యులు భయపడి లేపిన సంగతి చెప్పాడు. ఆయన లేచి గాలిని గద్దించగానే సముద్రం పసిపిల్లలా పడుకుందన్నాడు. చెబుతూ చెబుతూ మోకాళ్లూనాడు.

"ప్రభువా, గాలీ నీదే, నీళ్లూ నీవే. ఆనాడు గద్దించినట్టు ఈనాడూ గద్దించు తండ్రీ!" గొంతు పగిలేలా అరిచాడు. అందరూ గొంతు కలిపారు.

ఎంతసేపు అడిగారో తెలియదు. గాలి ఆగింది.

స్లాబు అంచు నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. బల్లల సందులోంచి చాప మీద ఎండ చార ఒకటి పడింది. ఎక్కడో కాకి అరిచింది.

అంతే, గుడంతా స్తోత్రాలు. ప్రిస్కిల్లా ఏడుస్తూ నవ్వింది. మొగుడి వైపు చూస్తే కొత్తగా భయం వేసింది, గర్వమూ వేసింది. ఎన్నడూ గుడి మెట్లెక్కని గంగులు రెండు చేతులూ నెత్తిన పెట్టి దణ్ణం పెట్టాడు.

"మీ దేవుడు గట్టోడు అయ్యగారూ!" అని, అంతలోనే ఉలిక్కిపడ్డాడు. "ఓలప్ప! నా గేదె! పలుపు ఇప్పకుండా వొచ్చీసినాను."

"పద గంగులూ, నేనూ వస్తాను," అన్నాడు కృపారావు.

తలుపు లోపలి గొళ్లేనికి తాళం వేసి ఉంది. తలుపుకు వీపు ఆనించి జ్ఞానసుందరి కూర్చుని ఉంది.

"తాళం తియ్యమ్మా."

"తియ్యను. కూకోండి అయ్యగారూ."

"ప్రభువు చేసిన అద్భుతం కళ్ల ముందే ఉంది. నమ్మవా?"

"నమ్మకపోడమేటి బాబూ. కూకోండి."

గంగులుకు ఒళ్లు మండింది. "దేవుడు నీ మాట ఇన్లేదని, అయ్యగారి మాట ఇన్నాడని కుళ్లా? నీ కొడుకు పోనాడని నా గొడ్డుని సంపుకోమంతావేటి? తియ్యే ముసిల్దానా!"

దూరంగా గేదె అరిచింది. జ్ఞానసుందరి కళ్లు మూసుకుంది. తాళంచెవి ఉన్న పిడికిలి మాత్రం విప్పలేదు.

"మామ్మా, ఇచ్చెయ్," బతిమాలింది ప్రిస్కిల్లా. "నీ బాధ నాకు తెలుసు. అందరి సంతోషం మీదా అది చూపించకు."

గంగులు వంగి ఆవిడ వేళ్లు విడదీయబోయాడు. చాప మీది ఎండ చార చటుక్కున ఆరిపోయింది.

ఈసారి పడమటి నుంచి వచ్చింది గాలి.

అడ్డం ఏమీ పెట్టని పడమటి కిటికీలు భళ్లున తెరుచుకున్నాయి. పిల్లలు కెవ్వుమన్నారు. కృపారావు కిటికీ మూయబోయి, అలాగే నిలబడిపోయాడు. గంగులు పాక వైపు వెళ్లే దారికి అడ్డంగా కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతున్నాయి. రేకు ఒకటి కత్తిలా గాల్లో తిరుగుతూ వచ్చి గుడి గోడకు కొట్టుకుంది.

గేదె అరుపు మళ్లీ వినిపించలేదు. గంగులు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

ప్రిస్కిల్లా వచ్చి జ్ఞానసుందరి భుజానికి ఆనుకుంది. ఆవిడ అప్పుడు విప్పింది పిడికిలి. అరచేతిలో తాళంచెవి ఎర్రగా అచ్చుపడి ఉంది.

"ఆగిన గాలి మళ్లీ వస్తుందని నీకెలా తెలుసు మామ్మా?"

"ఆ దినం నాను పెర్దన సేస్తే ఇలాగే ఆగిపోనాది తల్లీ, దేవుడు ఇన్నాడు కదాని నానే తలుపు తీసి మా ప్రకాసుని పడవ సూసి రారా అని పంపినాను."