ఒకేలా ఉన్న ఫొటోలు

2023 మే 12. గిన్నెలు తోమాను, మిరపకాయలు ఎండబోశాను, గొర్రెల దొడ్డి ఊడ్చాను. ఇక మిగిలింది మా ఆయన గుర్వయ్య ఫోను. ఫొటోలతో నిండిపోయింది.

కంప్యూటరు నుంచి దాన్ని సర్దడానికి రెండు సాఫ్ట్‌వేర్లు చూశాను. ఒకటి ఒక్కో ఫొటోకూ అడుగుతుంది. రెండోది ఒకేలా ఉన్నవాటిని ఏరి గుంపుగా తుడిచేస్తుంది. పని తొందరగా అవుతుందని రెండోదే పెట్టాను.

మొదటి గుంపు గొర్రెలు. తుడిచేయబోతుంటే పక్కనే కూర్చున్న ఆయన అడ్డుపడ్డాడు.

"ఆగవే! గవన్ని ఒక్కటేనా? గిది కుంటిది, గిది దాని పిల్ల!"

ఈ చూపు నా మీద ఎన్నడైనా ఉందా అనుకున్నాను.

తర్వాతి గుంపంతా నేనే, అదే నారాయణపేట చీరలో. "ఇవైతే ఒక్కటే, తీసేస్తున్న," అన్నాను.

"ఒక్క తీర్గ యాడున్నయే? గీ దాంట్ల అలిగినవ్. గీ దాంట్ల నవ్వు ఆపుకున్నవ్."

రెండోది తీసేసి, ఒక్కో ఫొటోకూ అడిగే మొదటి సాఫ్ట్‌వేరే ఖాయం చేశాను. నన్ను సరిగ్గా చూడడని ఆయన పేరున రాసుకున్న ముప్పై ఏళ్ల బాకీ నేటితో చెల్లు.