నాలుగేళ్లకి ఒక్కరోజు తగ్గదు

“కంపెనీవాళ్లు దీన్ని ఇంకా నాలుగేళ్లు తయారుచేస్తారమ్మా. ఒక్కరోజు తగ్గదు,” అన్నాడు తూకం మాస్టారు, గేమ్ కన్సోల్‌ని కాటా మీంచి దించి బల్ల మీద పెడుతూ.

ఎదుటి కుర్చీలో కూర్చున్న పెద్దావిడకి నీరసం వచ్చేసింది. కొడుకు ఆడుకునే ఆ కన్సోల్‌ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఆస్పత్రికి తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చిందావిడ.

“నాలుగేళ్లా? అప్పటికి మావాడికి ముప్పై ఆరొస్తాయండీ,” అంది.

“మీవాడి వయసుకీ దీని తయారీకీ సంబంధం ఏంటమ్మా?”

“అదే కదా నా ఖర్మ. పెళ్లి మాటెత్తితే చాలు, ‘ఈ కన్సోల్ తయారుచేయడం ఆపేసిన రోజున చేసుకుంటా, అంతవరకూ నన్నడగొద్దు’ అని చుట్టాలందరి ముందూ ఒట్టేసి కూర్చున్నాడు. ఎప్పుడు ఆపేస్తార్రా అంటే, ‘రిపేరు షాపు తూకం మాస్టార్ని అడుగు, ఆయన ఎంతంటే అంత’ అన్నాడు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.”

‘ఆయన ఎంతంటే అంత’ అన్న మాటకి మాస్టారు లోలోపల పొంగిపోయాడు. ఊరికే వచ్చిన పేరు కాదది. కన్సోళ్లు బాగుచేయడం ఆయన వృత్తి, వాటి ఆయుష్షు చెప్పడం ఆయన పిచ్చి. షాపుకొచ్చిన ప్రతి కన్సోల్‌నీ విప్పే ముందు కాటా మీద పెట్టి, ఆ బరువు గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటాడు. ఇప్పటికి మూడు రకాలు ఎప్పుడు ఆగిపోతాయో ముందే చెప్పాడు. మూడూ చెప్పిన నెలలోనే ఆగిపోయాయి. ఆయన ఆ మూడింటి గురించి అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు.

“చూడండమ్మా, కొత్తలో ఏ కంపెనీ అయినా సరుకు బరువుగానే చేస్తుంది. అమ్మకాలు కుదురుకున్నాక లోపలి ఇనుప రేకు పల్చబడుతుంది. ఆ తర్వాత మరలు తగ్గుతాయి. ఆఖర్న ఫ్యాను చిన్నదవుతుంది. అలా మూడుసార్లు చిక్కిందంటే ఇక మూటాముల్లె సర్దుకుంటున్నట్టే. మీది ఒక్కసారే చిక్కింది. ఇంకా నవయవ్వనంలో ఉంది.”

“దానికి నవయవ్వనం, మావాడికి బట్టతల,” అంది పెద్దావిడ.

పక్క బల్ల దగ్గర మరో కన్సోల్ మరలు విప్పుతున్న మాస్టారి కూతురు కిసుక్కున నవ్వింది. షాపులో సగం పని ఆ అమ్మాయిదే. చేతిపనిలో తండ్రిని మించిపోయింది, నోటి విషయంలో ఎప్పుడో మించిపోయింది.

“కాటా సరిగ్గా ఉందో లేదో. ఇంకోసారి తూచు నాన్నా,” అంది.

మాస్టారు మళ్లీ తూచాడు. ముల్లు వెనక్కీ పోలేదు, ముందుకీ రాలేదు.

“పోనీ రెండేళ్లకి చెయ్యండి,” అంది పెద్దావిడ, కుర్చీ ముందుకు జరుపుకుని. “రెండేళ్లంటే ఎలాగోలా ఓర్చుకుంటాను.”

“ఏడాది చెయ్యి నాన్నా, పాపం,” అంది కూతురు.

“ఇదేమన్నా వంకాయల బేరమా తగ్గించడానికి?”

“ఈ ఏడాదే ఆగిపోతుందని ఓ కాగితం మీద రాసిచ్చెయ్యి. ఆవిడకి నిశ్చింత, మనకి పుణ్యం.”

“నువ్వూరుకో. రేపు ఏడాది గడిచి ఇది ఇంకా తయారవుతూనే ఉందనుకో, ఈ వీధిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?”

పెద్దావిడ తువ్వాలు విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది. మాస్టారికి నిజంగానే జాలేసింది. ఒక్క అబద్ధం ఆడితే ఆ ఇంట్లో పెళ్లి బాజాలు మోగుతాయి. గోడవైపు చూశాడు. ఆ పెన్సిల్ గీతల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. తన చేత్తో మొదటిది రాయడానికి ఆయనకి మనసొప్పలేదు. తన మెత్తదనం మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపం కాస్తా ఎదురుగా లేనివాడి మీదికి మళ్లింది.

“అయినా అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. ఆడుకునే డబ్బా మీద ఒట్టేసి పెళ్లి మానుకున్నవాణ్ని ఏ ఆడపిల్ల కన్నెత్తి చూస్తుంది? చూసిందే అనుకోండి, వాడికి పిల్లనిచ్చే తండ్రికి మతి ఉండొద్దూ?”

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. పెద్దావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మావాడు నోరుజారాడే గానీ మనసు మంచిదండీ,” అంది మెల్లగా. “అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి వాడికి మొహం చెల్లడం లేదని నాకనిపిస్తుంది. ఎవరైనా ఓ దారి చూపిస్తే బాగుండునని వచ్చాను.”

“దారి నేను చూపిస్తాను గానీ అబద్ధం చెప్పి కాదమ్మా,” అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. “నాలుగేళ్లే.”

“సరే, మీరన్నదే వాడి చెవినేస్తాను. గెలిచావురా నాయనా, ఇంకో నాలుగేళ్లు ఆడుకో అంటాను,” అని పెద్దావిడ సంచిలోంచి ఫోను తీసి కొడుకు నంబరు నొక్కింది.

అవతల మోగుతుండగానే కూతురు స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి, “ఇలా ఇవ్వండి అత్తయ్యా,” అని పెద్దావిడ చేతిలోంచి ఫోను తీసుకుంది. పెద్దావిడ బిత్తరపోయి చూసింది. కాటా తుడుస్తున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

“నేనే. మా నాన్నతో ‘ఈ ఏడాదే’ అనిపిస్తానన్నాను గానీ నావల్ల కాలేదు. నువ్వా ఒట్టు తీసి గట్టున పెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి ఆయన్నే పిల్లనడుగు.”