ఆరని టార్చి

ఇంట్లోకి చొరబడ్డ ఇద్దరు జర్మన్ సైనికుల్లో ఒకడు తుపాకి మడమతో కొడితే అన్సెల్మ్ పళ్లు రాలాయి.

"కొత్త వైన్ ఎక్కడ దాచావురా?"

"కింద నేలమాళిగలో ఉంది, దొరా. ఊరందరికీ పంచేది. మీరే తీసుకోండి."

పిరికి సన్నాసి అని అన్సెల్మ్‌ని అతని పెళ్లాం ఓదీల్ మనసులోనే తిట్టుకుంది. అయినా అలవాటుకొద్దీ కొవ్వొత్తి వెలిగించింది. ద్రాక్షరసం పులిసి పొంగే రోజుల్లో నేలమాళిగ నిండా విషగాలి. ముందు దీపం ఆరుతుంది, ఆ తర్వాత మనిషి.

అన్సెల్మ్ నెత్తుటి నోటితోనే కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదేశాడు.

"దొరలకి టార్చి ఉందిగా, ఎందుకే?"

సైనికులిద్దరూ నవ్వుకుంటూ దిగారు. ఒకడు దబ్బున పడ్డాడు. వాణ్ణి లేపబోయి రెండోవాడూ పడ్డాడు.

టార్చి మాత్రం వెలుగుతూనే ఉంది. ఓదీల్ తలుపు మూసి గడియ పెట్టింది.

అన్సెల్మ్ నెత్తురు ఉమ్మాడు. "గ్లాసులు కడుగు. ఊరివాళ్లొచ్చే వేళయింది."