ఆపని కంప్యూటర్

ఆయుధపూజ నాడు బండికీ, నీళ్ల మోటారుకీ పని మాన్పించి బొట్లు పెట్టాను. మావాడు దేవీప్రసాద్ గదిలో కంప్యూటర్ మాత్రం మోగుతూనే ఉంది.

"ఆపరా. ఈయేళ యంత్రాలు పన్జెయ్యకూడదు."

"ఆపలేను నాన్నా. మందు కనిపెట్టే డాక్టర్లకి ఇది లెక్కలు సేసి నెట్లో పంపుతంది. డబ్బుల్లేవు, ఊరికే సాయం."

"ఒక్కపూట ఆపితే ఎవుడు సచ్చిపోతాడ్రా?"

వాడు కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"సర్లే, కొబ్బరికాయైనా కొట్టు."

గడప మీద రెండుసార్లు కొట్టాడు. కాయ పగల్లేదు. మళ్లీ ఎత్తబోతే చేతుల్లోంచి జారిపోయింది.

"నిరుడు సెరుకు మోపులెత్తినోడివి, కాయ కొట్టనేవేట్రా?"

వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఏ జబ్బుకిరా ఆ మందు?"

"సేతులు సచ్చుబడిపోయే జబ్బుకి."

"దొరికిందా?"

"ఇంకా లేదు నాన్నా."

కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి చూశాను. కాలిపోతోంది. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వైపు తిప్పాను.